ఇక్కడ శుభ్రం చేయరాదు

మా వదినకు శుభ్రం అంటే ప్రాణం. ఆ శుభ్రమే మా పురుగుల ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, అప్పుడు నాకు కడుపు మండిపోయింది. ఇంకెవరైనా అయితే ఏడు తరాలు గుర్తుండేలా తిట్టేదాన్ని. వదిన కాబట్టి కొంచెం తగ్గాను.

వదిన అంటే మా ఆయనకు అక్క. మేం పనిచేసే ప్లాంటుకు మేనేజరు కూడా ఆవిడే. అందుకని ఇంట్లో "వదినా" అని పిలిచిన నోటితోనే ప్లాంటు గేటు దాటగానే "మేడమ్" అనాలి. ఇంట్లో గిన్నె సరిగ్గా తోమలేదని ఆవిడ సణిగితే ఆ కోపం ఆఫీసులో చూపించకూడదు. ఆఫీసులో నా రిపోర్టు వెనక్కి కొడితే ఆ కోపం అన్నం దగ్గర చూపించకూడదు. మా ఆయన మాత్రం సుఖపడ్డాడు. ఆయన పని గాలి మిషన్ల గదిలో. ఆ హోరులో ఎవరు ఎవర్ని ఏమన్నా వినపడదు. ఇంటికొచ్చాక కూడా అదే చెవుడు నటిస్తాడు.

మాది ఊరి మురుగునీటిని శుద్ధి చేసి నదిలోకి వదిలే ప్లాంటు. శుద్ధి చేసేది మేమని ఊళ్లోవాళ్లు అనుకుంటారు. మేం కాదు, పురుగులు. నాలుగు గదులున్న పెద్ద ట్యాంకు, దాని అడుగు నుంచి పైకి తన్నుకొచ్చే గాలి బుడగలు. ఆ గోధుమరంగు నీళ్లలో కంటికి కనిపించని కోట్ల జీవాలు మురుగును తిని బలిసి, ఒకదాన్నొకటి అంటుకుని రేకులు కడతాయి. ఆ రేకులు పక్క ట్యాంకులో అడుగుకు దిగిపోతే పైన తేరిన నీళ్లు నదిలోకి వెళతాయి. దిగిన బురదను మళ్లీ పెద్ద ట్యాంకులోకే ఎక్కిస్తాం. ఇంతే మా విద్య.

ఆ మందను కాయడం నా ఉద్యోగం. పొద్దున్నే ఒక చుక్క తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి పలకరిస్తాను. కొత్త నీళ్లలో ముందుగా దిగేవాళ్లు ఈతగాళ్లు. నిలకడ లేని మనుషుల్లా అటూ ఇటూ ఉరుకుతుంటారు. ట్యాంకు కాస్త కుదుటపడ్డాక గంటలు వస్తాయి. ఒక కాడ మీద నిలబడి, నోరు తెరుచుకుని, ఏదైనా తగిలితే చటుక్కున ముడుచుకుంటాయి. అందరికంటే ఆఖర్న వచ్చేవాళ్లు చక్రాలవాళ్లు. తల మీద రెండు చక్రాలు గిరగిరా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వాళ్లు కాపురం పెట్టారంటే ఆ ట్యాంకుకు ఇక ఢోకా లేదు. ఈ పేర్లన్నీ నేను పెట్టినవే. పుస్తకాల్లో వేరే పేర్లున్నాయి, అవి పలికేలోపు చుక్క ఆరిపోతుంది.

ఈ ట్యాంకు లేని రోజుల్లో మా నది నల్లగా ఉండేది. మా ఇల్లు నది ఒడ్డు వీధిలోనే. ఆ వీధిలో నదివైపు ఎవరి గోడకూ కిటికీ ఉండేది కాదు. ఉన్నవాళ్లు కూడా కంపు భరించలేక ఇటుకలు పేర్చి మూసేశారు. నేను కోడలిగా వచ్చినప్పుడు వంటగదిలో పట్టపగలే దీపం వేసుకునేవాళ్లం. ట్యాంకు మొదలై, నీళ్లు రంగు మారి, ఒడ్డున గడ్డి లేచి, చేపలు, చేపల వెనకే కొంగలు వచ్చాక, ఒకరోజు మా ఆయన సుత్తి తీసుకుని వంటగది గోడలో ఇటుకలు పగలగొట్టాడు. లోపలికి పడిన వెలుతురు చూసి నేను ఏడ్చాను. ఆ సుత్తిని పక్కింటివాళ్లు అడిగి పట్టుకెళ్లారు. తర్వాత వాళ్ల పక్కింటివాళ్లు. అలా వీధంతా తిరిగొచ్చాక గానీ సుత్తి మా ఇంటికి చేరలేదు. అప్పటికి వీధికి ఆ చివర నుంచి ఈ చివర దాకా కిటికీలే.

వదిన మా ప్లాంటుకు కొత్త. అంతకుముందంతా మంచినీళ్ల ప్లాంటులో చేసింది. అక్కడ నీళ్లలో పురుగు కనిపిస్తే నేరం, ఇక్కడ కనిపించకపోతే నేరం. ఈ తేడా ఆవిడ బుర్రకు తెలుసు. చేతులకు మాత్రం ఇంకా తెలియలేదు.

పై ఆఫీసు నుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. నేను ఆ ముందురోజు నది దిగువన నీళ్ల నమూనాలు పట్టుకోవడానికి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ప్లాంటు గేటు దగ్గరే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పున కొట్టింది. గోడలు, గచ్చులు, మెట్లు, కాలవలు, పాచి పట్టిన మూలలు అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. వదిన మనిషికొక మూల అప్పగించి, దగ్గరుండి రుద్దించింది. నేను ముందు కాలవల్లోకే చూశాను, కడిగిన నీళ్లన్నీ అప్పటికే పోయాయి. ఎందుకంటే మా ప్లాంటులో ఏ మూల నీళ్లు పారబోసినా కాలవల్లోంచి తిరిగి పెద్ద ట్యాంకుకే చేరతాయి. ఆ ఏర్పాటే అది.

మర్నాడు పెద్దలు వచ్చారు. అద్దంలా ఉందన్నారు. ఇన్ని ప్లాంట్లు చూశాం గానీ ఇంత శుభ్రమైనది చూడలేదన్నారు. వాళ్ల కార్లు మలుపు తిరిగాయో లేదో, ట్యాంకు మీద తెల్లటి నురగ పొంగింది. నదిలోకి పోయే నీళ్లు పాలు కలిపినట్టు అయ్యాయి. నేను చుక్క తెచ్చి చూశాను. ఈతగాళ్లు లేరు. చక్రాలు తిరగడం లేదు. గంటల తలలు రాలిపోయి ఒట్టి కాడలు మిగిలాయి. ఇంకో చుక్క చూశాను, ఇంకోటి చూశాను. పెంచుకున్న మంద మొత్తం పొలంలో అడ్డంగా పడి ఉంటే చూసినవాడికి ఎలా ఉంటుందో నాకు అలాగే అయింది.

వదిన గదిలోకి వెళ్లి తలుపు వేశాను.

"మేడమ్, నిన్న కడిగించిన నీళ్లన్నీ ఎటు పోయాయి?"

"ఎటు పోతాయి, కాలవలోకి."

"ఆ కాలవ ఎటు పోతుంది?"

వదిన చేతిలో పెన్ను నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"ఎన్ని పోయాయి?" అంది.

"ఒక్కటీ కదలట్లేదు వదినా."

ఆఫీసులో వదినా అన్నందుకు మామూలుగా అయితే కళ్లు ఉరిమేవి. ఆరోజు ఆవిడ గమనించనే లేదు. "నేను మంచికే చేయించాను కదే," అంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అలా ఉంది ఆవిడ మొహం. నాకు జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకే కడుపులో పడతాయని నాకు ఆరోజే తెలిసింది.

కుంగిపోయే మనిషి కాదు వదిన. వెంటనే లేచి నదివైపు గేటు మూయించింది. ఊరి మురుగును నిలవ గుంటలోకి మళ్లించింది. ఆ గుంట వానలు ముంచెత్తినప్పుడు నీళ్లు ఆపడానికి కట్టింది. దాని సిమెంటు గోడ మీద పైఅంచుకు కొంచెం కింద ఎర్ర గీత ఉంటుంది. నీళ్లు ఆ గీత తాకితే ఇక ఆపలేమని అర్థం. గేటు తెరవాల్సిందే, ఎలాంటి నీళ్లయినా సరే నదిలోకి పోవాల్సిందే.

"ట్యాంకు ఖాళీ చేయించేద్దాం," అంది వదిన. "విషం కలిసిన బురద అంతా తీసేసి, కడిగించి, వేరే ఊరి ప్లాంటు నుంచి బురద తెప్పించి మళ్లీ మొదలుపెడదాం."

"మళ్లీ కడిగిస్తారా?" అన్నాను. నోరు ఊరుకోదు కదా. "బ్లీచింగ్ చంపేంతవరకే ఉంటుంది, చంపాక అదీ చస్తుంది. ఆ బురదలో ఇప్పుడు విషం లేదు, మేత ఉంది. చచ్చినవాటినే తిని కొత్తవి లేస్తాయి. ఖాళీ చేస్తే ఆ మేతా పోతుంది, గూడూ పోతుంది. పొరుగూరి పురుగులు వచ్చి మన మురుగుకు అలవాటు పడేసరికి ఎంత కాలం పడుతుంది? అన్నాళ్లు గుంట ఆగుతుందా?"

"ఆగదు."

"మరి?"

వదిన నదివైపు చూసింది. ఆవిడ ఉండేదీ మా నది ఒడ్డు ఇంట్లోనే, ఆవిడ వండుకునేదీ ఆ కిటికీ పక్కనే.

చివరికి ఒప్పందం కుదిరింది. నీళ్లు ఎర్ర గీత తాకేదాకా ట్యాంకు నాది. తాకాక ఆవిడది. నేను గెలిస్తే నది బతుకుతుంది. ఓడితే మళ్లీ నల్ల నీళ్లు, మళ్లీ ఇటుకలు.

నాకు తెలిసినవన్నీ చేశాను. పథ్యం పెట్టినట్టు కొంచెం కొంచెంగా మురుగు వదిలాను. చచ్చిన బురదను ఒక్క చుక్క పారబోయకుండా తిప్పి తిప్పి పంపించాను. పొద్దున్నే చుక్క చూడటం, నిట్టూర్చడం, బయటికొచ్చి గుంట గోడ చూడటం. ఒకరోజు ఒకే ఒక్క ఈతగాడు కనిపించాడు. అద్దం మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు ఈదుకుంటూ పోయాడు. ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక్కడితో ఊరు నిలబడుతుందా? గుంటలో నీళ్లు మాత్రం నా కోసం ఆగడం లేదు. ఊరంతా స్నానాలు చేస్తూనే ఉంది, గిన్నెలు తోముతూనే ఉంది. మా నీళ్లు ఆగిపోయి నదిలో నీటి ధార సన్నబడింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏమమ్మా, కిటికీలు మూసుకోవాలా ఏంటి?" అంది. మామూలుగానే అడిగింది. నాకు మాత్రం గుండెలో గునపం దిగినట్టయింది.

"మీ గాలి తగ్గించండి," అని మా ఆయన మీద పడ్డాను. "బుడగల జోరుకి మిగిలిన నాలుగు రేకులు కూడా చితికిపోతున్నాయి."

ఆయన వెళ్లి వాల్వులు బిగించాడు. కాసేపటికి తల గోక్కుంటూ వచ్చాడు. "అన్నీ బిగించాను. అయినా గాలి ఎక్కడికో పోతోందే. మీటరు ముల్లు చూస్తే లెక్క తేలట్లేదు."

"కారుతోందేమో చూడండి."

"కారితే నా చెవికి దొరక్కుండా పోతుందా?"

ఆ మాట నిజమే. ఇంట్లో నేను నాలుగుసార్లు పిలిస్తే పలకని చెవులు పైపు మీద ఆనిస్తే చీమ నడక కూడా వింటాయి. ఆయన గాలి పైపు వెంటే బయలుదేరాడు. కొంచెం నడవడం, వంగి చెవి ఆనించడం, మళ్లీ నడవడం. పనేమీ తోచక నేనూ వెనకే వెళ్లాను. మిషన్ల గది దాటి వెనకవైపుకు వెళ్లాం. అక్కడ పాత ఇనప సామాను మధ్య ఒక టార్పాలిన్ పరిచి ఉంది. అంచుల మీద ఇటుకలు పెట్టి ఉన్నాయి. దాని కింద నుంచి గుడగుడమని చప్పుడు.

"ఏ పుట్టలో ఏ పాముందో," అంటూ మా ఆయన ఒక ఇటుక జరిపి టార్పాలిన్ ఎత్తాడు.

అది మా పిల్ల ట్యాంకు. ప్లాంటు మొదలుపెట్టిన రోజుల్లో నేను మొట్టమొదట పురుగులను పెంచింది అందులోనే. పెద్ద ట్యాంకు నిలదొక్కుకున్నాక దాని పని అయిపోయింది. దాని గాలీ నీళ్లూ కట్టేయమని ఎప్పుడో మా 'రేపు బాబాయి'కి చెప్పాను, చెప్పి మర్చిపోయాను.

రేపు బాబాయి గురించి చెప్పాలి. రంగులు వేయడం, గ్రీజు పెట్టడం, తుప్పు గీకడం ఆయన పనులు. ఏ పని చెప్పినా ఆయన నోట వచ్చే మాట ఒకటే, "రేపు చేద్దామమ్మా." అందుకే ఆ పేరు. ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు కూడా గుర్తుందో లేదో. నేను కట్టేయమన్న వాల్వును ఆయన రేపటికి వాయిదా వేశాడు. ఆ రేపు ఏళ్ల తరబడి రానే లేదు. సన్నటి మురుగు ధార, సన్నటి గాలి, ఎవరూ చూడని ఒక మూల. గోడలంతా జిగట పాచి, లోపల మంచి గోధుమరంగు నీళ్లు, ముక్కుకు తడిమట్టి వాసన. ఆరోగ్యంగా ఉన్న బురదకే ఆ వాసన ఉంటుంది.

నేను అక్కడున్న డబ్బాతో కొంచెం తోడుకుని పరుగెత్తాను. మెట్ల మీద సగం ఒలికింది. చుక్క పెట్టి, కన్ను ఆనించాను.

గంటలు! గుత్తులు గుత్తులుగా గంటలు! వాటి మధ్యలో తాపీగా చక్రాలు తిప్పుకుంటూ, లోకంలో ఏమీ జరగనట్టు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న చక్రాలవాళ్లు! నేను పెట్టిన కేక మిషన్ల గది దాకా వినపడిందని మా ఆయన ఇప్పటికీ చెబుతాడు.

కేక విని వదిన వచ్చింది. నేను చెప్పింది విని, వెళ్లి రేపు బాబాయిని కూడా పట్టుకొచ్చింది. టార్పాలిన్ మాట ఎత్తగానే ఆయన తేలు కుట్టిన దొంగలా గోడకు అతుక్కున్నాడు.

"బాబాయ్, పెద్దలు వచ్చే ముందురోజు నీకు ఏ మూల అప్పగించాను?"

"ఆ పిల్ల ట్యాంకేనమ్మా."

"బ్లీచింగ్ వేసి రుద్దమన్నానా లేదా?"

"అన్నారమ్మా."

"రుద్దావా?"

"రేపు రుద్దుదామని... వాళ్ల కంట పడకుండా పైన కప్పేశానమ్మా. తప్పైపోయింది."

వదిన కళ్లు నిండాయి. రెండు చేతులూ జోడించింది. "నీ బద్ధకం చల్లగుండ బాబాయ్!" అంది.

ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. ఆ పెద్దలెవరూ మా రేపు బాబాయిని చూసి ఉండరు.

నాకు ఇక ఆగే ఓపిక లేదు. బకెట్లు పట్టుకుని పిల్ల ట్యాంకు దగ్గరికి పరుగెత్తాను. ఉన్నదంతా తోడి పెద్ద ట్యాంకులో గుమ్మరించేయాలని నా ఆత్రం. వదిన నా చేతిలో బకెట్ పట్టుకుంది.

"ఆగు. బిందెడు పాలకు ఒక్క చుక్క మజ్జిగ వేస్తే తోడుకుంటుందా? పాలూ పోతాయి, తోడూ పోతుంది. ముందు చిన్న గిన్నెలో తోడేసుకోవాలి. పెద్ద ట్యాంకులో నాలుగు గదులున్నాయి కదా, మధ్య తలుపులు దించి ఒక్క గదిలోనే వెయ్. అది పేరుకున్నాక రెండోదానికి. ఇంకోటి, ఉన్నదంతా ఊడ్చకు. పిల్ల ట్యాంకులో సగం ఉంచు. తోడు దాచుకోని ఇల్లు ఇల్లేనా?"

ఆవిడ అన్నది సూటిగా తగిలింది. నాకు పురుగుల గురించి తెలుసు, ఆగడం గురించి తెలియదు. ఇంట్లో నేను వేసిన పెరుగు ఎప్పుడూ నీళ్లే, ఆవిడది ఎప్పుడూ గడ్డే. ఒప్పుకోక చస్తానా.

అందరం వరసగా నిలబడ్డాం. ఆఫీసులో కూర్చునేవాళ్లు, కాపలావాళ్లు, మా ఆయన, రేపు బాబాయి, నేను. బకెట్లు చేతులు మారుతూ వెళ్లాయి. వరస చివర, ట్యాంకు అంచున నిలబడి ప్రతి బకెట్‌నూ మెల్లగా వంచింది వదినే. గచ్చు మీద వెంట్రుక పడితే నిద్రపోని మనిషి, మోచేతుల దాకా బురదలో ఉండి, నుదుటికి అంటిన బురద కూడా తుడుచుకోలేదు.

మొదటి గదిలో ఈతగాళ్లు వచ్చారు. ఈసారి ఒక్కడు కాదు, సంతలో జనంలా వచ్చారు. నేను గంతులేశాను. కానీ ఆ పొద్దునే గుంటలో నీళ్లు ఎర్ర గీతను తాకాయి.

వదిన గుంట గట్టు మీద నిలబడి గీతవైపు చూసింది. ఒప్పందం ఒప్పందమే. నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. గేటు తెరవమంటుందనే అనుకున్నాను.

"ఎన్ని గదులయ్యాయి?" అంది.

"ఒకటి కుదుటపడింది. రెండోదాంట్లో ఇప్పుడే వేశాం."

"ఇంకో రెండు మిగిలాయి."

"అవును మేడమ్."

ఆవిడ వెనక్కి తిరిగి కేకేసింది. "ఇసక బస్తాలు తెండి! గుంట అంచు చుట్టూ పేర్చండి. ఎర్ర గీత దేవుడు గీసింది కాదు. దాని పైన ఇంకో జానెడు నీళ్లు ఆపితే మనల్ని ఎవరూ ఉరి తీయరు." తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "చేసింది నేను. నువ్వు దిద్దుతుంటే అడ్డం పడతానా?"

నాకు కోపం ఆ క్షణమే పోయింది. ఎక్కడికి పోయిందో కూడా తెలియదు.

అయినా ఆవిడకు లోపల ధైర్యం లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి వంటగది కిటికీ మూసి ఉంది. వదినే మూసింది. "అలవాటు చేసుకుందామని," అంది, నావైపు చూడకుండా. పట్టపగల్లాంటి సాయంత్రం దీపం వేసుకుని అన్నాలు తిన్నాం.

తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి నాకు ఎన్నిసార్లయినా విసుగు రాదు. రెండో గదిలో తెల్ల నురగ తగ్గి, నీళ్లు మళ్లీ గోధుమరంగుకు తిరిగాయి. చచ్చిన రేకుల మీదే కొత్తవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. పాతవాళ్ల శవాలే వాళ్లకు గోడలు, వాళ్లకు అన్నం. మూడో గదికి తోడు రెండోదాని నుంచే దొరికింది, పిల్ల ట్యాంకు దాకా వెళ్లే పనే పడలేదు. ఇసక బస్తాలను ఒరుసుకుంటూ గుంట నిండుతూనే ఉంది. దాన్ని తరుముతూ మా గదులూ నిండుతున్నాయి. నాలుగో గది తలుపు ఎత్తిన పొద్దున నేను చుక్క పెట్టి చూసి, మాట్లాడకుండా లేచి, కుర్చీ వదిన ముందుకు జరిపాను.

మంచినీళ్ల ప్లాంటులో అన్నేళ్లు చేసిన మనిషి, పురుగును ప్రేమగా చూడటానికి మైక్రోస్కోపు మీదికి వంగడం ఆవిడకు అదే మొదటిసారి.

"ఇదేంటే, కాడ మీద నిలబడి నోరు తెరుచుకుని ఉంది?"

"గంట."

"అమ్మో, ముడుచుకుంది! నన్ను చూసి సిగ్గుపడిందే!" అంది వదిన. తర్వాత అద్దాన్ని కొంచెం జరిపింది. "రెండు చక్రాలు తిరుగుతున్నాయి," అంది చివరికి. ఆ గొంతు వినడానికి ఆ కష్టమంతా పడ్డా నష్టం లేదనిపించింది నాకు.

ఇక మిగిలింది గాజు సీసా. తేరిన నీళ్లను సీసాలో పట్టి, గోడ మీది క్యాలెండరు ముందు పెట్టి, వెనక అక్షరాలు చదవడం మా ప్లాంటులో పాత అలవాటు. మిషను ఎన్ని అంకెలు చూపించినా ఇది చూడందే మాకు నమ్మకం కుదరదు. వదిన సీసా పట్టుకుంది. పెద్ద అంకెలు చదివింది, వాటి కింద చిన్న అక్షరాలు చదివింది, అడుగున ప్రెస్సువాళ్లు చీమతలకాయలంత అచ్చువేసుకున్న తమ పేరు కూడా చదివింది. చదివి, కళ్లజోడు తీసింది.

"గేటు తెరవండి!"

నేను భయపడుతూ వచ్చిన మాట అదే. అన్నదీ ఆవిడే. కానీ ఆరోజు ఆ మాటకు ప్లాంటంతా ఒక్కసారి గోలపెట్టింది. గేటు చక్రం తిప్పే గౌరవం నాకిచ్చారు. నేను తిప్పాను, అది కదల్లేదు. మా ఆయన చెయ్యి వేశాడు, అయినా కదల్లేదు.

"గ్రీజు రేపు పెడదామనుకున్నానమ్మా," అన్నాడు వెనకనుంచి బాబాయి.

వదిన కూడా వచ్చి పట్టుకుంది. ముగ్గురం ఒకరి మీద ఒకరం పడి తిప్పితే, కీచుమంటూ గేటు లేచింది. తేట నీళ్లు ఒక్క దూకు దూకి నదిలో పడ్డాయి. ఎండలో తళతళా మెరుస్తూ, ఎండిన రాళ్లను తడుపుకుంటూ, మా వీధివైపు పరుగెత్తాయి. గుంటలో నిలిచిన మురుగును ఇక ట్యాంకుకు పెట్టవచ్చు. మా మంద ఆకలి మీద ఉంది. చూస్తుండగానే ఇసక బస్తాల అంచు తడి ఆరింది, ఎర్ర గీత బయటపడింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మా ఆయన ఏదో అన్నాడు. నీళ్ల చప్పుడులో వినపడలేదు. ఈసారి చెవుడు నా వంతైంది.

పిల్ల ట్యాంకు దగ్గర ఒక బోర్డు పెట్టాలని వదిన అక్కడికక్కడే నిర్ణయించింది. "బాబాయ్, పెద్ద అక్షరాలతో రాయి. ఇక్కడ శుభ్రం చేయరాదు."

"రేపు రాస్తానమ్మా."

అందరం వదినవైపు చూశాం.

"నీకెప్పుడు వీలైతే అప్పుడే రాయి," అంది వదిన.

సాయంత్రం ముగ్గురం నడుచుకుంటూ ఇంటికెళ్లాం. నది ఒడ్డు వీధిలో ఎవరూ కిటికీలు మూయలేదు, మేం తప్ప. వదిన చెప్పులు విప్పి నేరుగా వంటగదిలోకి వెళ్లి కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచింది. తడి గాలి వచ్చింది, నీళ్ల చప్పుడు వచ్చింది, గది నిండా వెలుతురు పడింది. ఆవిడ అలవాటుగా గుడ్డ తడిపి కిటికీ గట్టు తుడవడం మొదలుపెట్టింది. ఒక మూల, ఇటుకల సందులో, గోరంత పచ్చటి పాచి పట్టి ఉంది. గుడ్డ అక్కడిదాకా వెళ్లి ఆగింది.

"ఉండనీలే," అంది వదిన, గుడ్డ పిండి ఆరేసింది.